తూము మూసిన వేళ

శ్రోతలకు నమస్కారం.

ఉప్పల్ నల్లచెరువు పక్క నుంచి వరంగల్ బస్సులో వెళ్లినవాళ్లు, నాచారం పెద్దచెరువు గట్టున కాసేపు నిలబడినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. ఇవాళ ఆ చెరువుల చుట్టూ ఇళ్లు, అపార్ట్‌మెంట్లు, ఫ్యాక్టరీల గోడలు వచ్చాయి. ఇవి ఊళ్లుగా ఉన్న కాలంలో చెరువంటే అందరికీ మూడు సంగతులు గుర్తుకొచ్చేవి. నీటిని ఆపేది కట్ట. నీటిని వదిలేది తూము. నీరు మట్టం దాటితే ఎవరూ చెప్పకుండానే పొర్లించి కట్టను కాపాడేది అలుగు. ఈ మూడింటినీ కనిపెట్టుకుని ఒక మనిషి ఉండేవాడు. అతనే నీరటి. తూము ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో, ఎంతసేపు మూసి ఉంచాలో అతనికి తెలుసు. ఊరి పంట, ఊరి ప్రాణం అతని చేతిలో ఉండేవి.

ఇలాంటి చెరువు ఒకటి మీ ఒంట్లోనూ ఉంది. ఒకటని ఎందుకనాలి, కోట్లకు కోట్లు ఉన్నాయి. ప్రతి కణంలో ఒక చెరువు, ప్రతి చెరువుకూ ఒక తూము, ఒక అలుగు, ఒక నీరటి. ఆ చెరువులో నిండే నీటి పేరు పి53. అది ఒక ప్రోటీను. క్యాన్సర్ కణితి పుట్టకుండా మనల్ని కాచే ప్రోటీన్లలో దీనిదే పెద్దపీట. మన డీఎన్ఏకు దెబ్బ తగిలినప్పుడు కణం ఈ ప్రోటీనును ఎలా అదుపులో ఉంచుతుందో, ఎలా లేపుతుందో, పని అయ్యాక మళ్లీ ఎలా పడుకోబెడుతుందో ఇవాళ చెప్పుకుందాం. ఈ కథలో కొన్ని పుటలు మన ఉప్పల్ దారిలోనే రాశారు. అవీ చెబుతాను.

ముందు దెబ్బ సంగతి. ఒక్కో కణంలో ఉన్న డీఎన్ఏ దారాన్ని సాగదీస్తే రెండు మీటర్ల పొడవుంటుంది. తల్లి నుంచి వచ్చిన ప్రతిలో సుమారు 300 కోట్ల అక్షరాలు, తండ్రి నుంచి వచ్చిన ప్రతిలో మరో 300 కోట్లు. ఈ దారానికి రోజూ, ప్రతి కణంలో, వేలాది చిన్న చిన్న దెబ్బలు తగులుతూనే ఉంటాయి. మనం పీల్చే ఆక్సిజన్ నుంచి, తిన్న తిండి ఖర్చయ్యే రసాయన చర్యల నుంచి కూడా కొన్ని వస్తాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, పొగాకు పొగ, ఎక్స్‌రేలు మరికొన్ని తెస్తాయి. చాలా దెబ్బలను కణం అప్పటికప్పుడే సరిచేసుకుంటుంది. అన్నిటికన్నా ప్రమాదకరమైనది దారం రెండు పోగులూ ఒకేచోట తెగిపోవడం. అలా తెగిన డీఎన్ఏతోనే కణం రెండుగా చీలితే, తప్పు కూడా రెండవుతుంది. రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. క్యాన్సర్‌కు మొదటి అడుగు అక్కడే పడవచ్చు.

అందుకే తెగిన క్షణంలో ఎవరో ఒకరు గట్టిగా ఆగమనాలి. ఆ మాట అనేది పి53.

ఈ ప్రోటీనును 1979లో కనిపెట్టారు. ఇంగ్లండులో డేవిడ్ లేన్, అమెరికాలో ఆర్నాల్డ్ లెవిన్, మరికొందరు వేర్వేరు ప్రయోగశాలల్లో దాదాపు ఒకేసారి దీన్ని చూశారు. కణితి కణాల్లో ఇది గుట్టలుగా కనిపించింది. కనుక ఇదే క్యాన్సర్‌ను తెచ్చేదని అందరూ అనుకున్నారు. పదేళ్లపాటు ఆ నింద దాని మీద ఉండిపోయింది. 1989లో బెర్ట్ వోగెల్‌స్టీన్ బృందం, లెవిన్ బృందం జరిపిన పరిశోధనలతో లెక్క తిరగబడింది. కణితుల్లో గుట్టపడి కనిపించింది చెడిపోయిన పి53. ఆరోగ్యంగా ఉన్న పి53 కణితిని ఆపుతుంది. మనుషుల క్యాన్సర్లలో దాదాపు సగం వాటిలో ఈ జన్యువు చెడిపోయి ఉంటుందని తరవాతి పరిశోధనలు చూపించాయి. ఇంకే జన్యువూ ఇన్ని క్యాన్సర్లలో ఇలా చెడి కనిపించదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఇంత ముఖ్యమైన రక్షకుడు ఆరోగ్యంగా ఉన్న కణంలో ఎంత ఉండాలి? నిండుగా ఉంటుందని అనుకుంటాం. వెతికితే దాదాపు కనిపించదు.

కనిపించకపోవడానికి కారణం కణం దాన్ని తయారు చేయకపోవడం కాదు. కణం పి53ను రాత్రింబవళ్లు తయారు చేస్తూనే ఉంటుంది. తయారైంది తయారైనట్టే పారేస్తూ ఉంటుంది. వాగు నుంచి నీరు వస్తూనే ఉంది, తూము తెరిచే ఉంది, అందుకే చెరువులో నీరు అడుగున ఉంది. పి53 ఆయువు ఎంత స్వల్పమంటే, ఈ క్షణాన కణంలో ఉన్నదానిలో సగం సుమారు 20 నిమిషాల్లో మాయమవుతుంది.

ఈ తూము పేరు ఎండీఎం2. ఇదీ ఒక ప్రోటీనే. పి53 ముందు కొసను గట్టిగా పట్టుకుని, దానికి యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీను ముక్కలను గొలుసులా తగిలిస్తుంది. ఆ గొలుసు పడిందంటే దానికి కాలం తీరినట్టే. కణంలో ప్రోటియాసోమ్ అనే పీపా ఆకారపు యంత్రం ఒకటుంది. గొలుసు పడిన ప్రోటీనును లోపలికి లాక్కుని అది ముక్కలు చేస్తుంది. ముక్కలు వృథా పోవు, కొత్త ప్రోటీన్లు అల్లడానికి పనికొస్తాయి. ఎండీఎం2 ఇలా పి53ను చంపిస్తుందని 1997లో స్పష్టంగా తేలింది.

ఇంత శ్రమపడి తయారు చేసి, ఇంత శ్రమపడి పారేయడం దేనికని మీకు అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. ఆలోచిస్తే అందులోని దూరదృష్టి తెలుస్తుంది. డీఎన్ఏ తెగాక మొదలుపెట్టి జన్యువుకు నకలు తీసి, ఆ నకలును కేంద్రకం దాటించి, దాన్ని చదివి 393 అమైనో ఆమ్లాల ప్రోటీను అల్లాలంటే ఆలస్యమవుతుంది. అదే వాగు పారుతూనే ఉంటే, ఆపద వేళ చేయవలసింది ఒక్కటే. తూము మూయాలి. మూసిన నిమిషం నుంచి మట్టం పెరుగుతుంది. కొత్త నీటి కోసం ఎక్కడికీ పరుగెత్తనక్కర్లేదు. కణం తన రక్షణను దాచిపెట్టుకోలేదు, ప్రవాహంగా ఉంచుకుంది. పి53 గురించి నేను నేర్చుకున్నవాటిలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించిన సంగతి ఇదే.

మరి తూము మూసే నీరటి ఎవరు? అతని పేరు ఏటీఎం. బ్యాంకు యంత్రం పేరూ ఇదే కాబట్టి పొరబడకండి. ఇది కణంలో ఉండే ఒక ఎంజైము. పిల్లలకు వచ్చే ఒక అరుదైన జబ్బు పేరులోని అక్షరాలతో దీనికి ఆ పేరు వచ్చింది. ఆ జబ్బున్న పిల్లలు నడకలో తూలుతారు. వాళ్ల కంటి తెల్లగుడ్డులో సన్నని రక్తనాళాలు ఉబ్బి కనిపిస్తాయి. రేడియేషన్‌ను వాళ్ల ఒళ్లు తట్టుకోలేదు. క్యాన్సర్ ముప్పు చాలా ఎక్కువ. ఆ జబ్బుకు కారణమైన జన్యువును 1995లో ఇజ్రాయెల్‌కు చెందిన యోసెఫ్ షిలో బృందం పట్టుకుంది. నీరటి లేని ఊరు ఎలా ఉంటుందో ఆ పిల్లల కష్టం వల్లనే శాస్త్రానికి తెలిసింది.

డీఎన్ఏ రెండు పోగులూ తెగిన కొద్ది నిమిషాల్లోనే ఏటీఎం మేల్కొంటుంది. చెక్2 అనే తోటి ఎంజైమునూ లేపుతుంది. వీళ్లు చేసే పని ఫాస్ఫేటు అనే చిన్న రసాయన గుర్తును ప్రోటీన్ల మీద అంటించడం. పి53 ముందు కొసన 15వ స్థానంలో ఏటీఎం, 20వ స్థానంలో చెక్2 ఆ గుర్తు పెడతాయి. ఎండీఎం2 పట్టుకునే చోటు సరిగ్గా అక్కడే. గుర్తు పడగానే పట్టు సడలుతుంది. ఏటీఎం అక్కడితో ఆగదు. ఎండీఎం2 మీదా గుర్తు పెట్టి దాన్నీ బలహీనపరుస్తుంది. అంటే తూమును రెండు వైపుల నుంచీ మూస్తుందన్నమాట. ఎండ వల్ల వచ్చే దెబ్బలకు, డీఎన్ఏ నకలు తీసేటప్పుడు వచ్చే చిక్కులకు ఏటీఆర్ అనే మరో నీరటి ఉన్నాడు. దెబ్బ రకాన్ని బట్టి నీరటి మారతాడు. మూసే తూము మాత్రం అదే.

ఇక నీరు పెరుగుతుంది. పి53 అణువులు నాలుగేసి చొప్పున జట్టుకట్టి డీఎన్ఏ మీద తమకు గుర్తున్న చోట్ల కూర్చుంటాయి, అక్కడి జన్యువులను మేల్కొలుపుతాయి. ముందుగా మేల్కొనే వాటిలో పి21 ఒకటి. అది కణ విభజన చక్రానికి అడ్డం పడి ఆపుతుంది. ఆ వ్యవధిలో మరమ్మతు చేసే ప్రోటీన్లు వచ్చి తెగిన దారాన్ని అతుకుతాయి. అతుకు కుదిరితే కణం మళ్లీ తన పనిలో పడుతుంది. కుదరకపోతే పి53 ఇంకో రకం జన్యువులను లేపుతుంది. ప్యూమా, నోక్సా, బ్యాక్స్ అనే ఆ ప్రోటీన్లు కణాన్ని లోపలి నుంచి విప్పేస్తాయి. చుట్టుపక్కల కణాలకు చీమ కుట్టినంత నొప్పి కూడా లేకుండా ఆ కణం సద్దుమణుగుతుంది. దీనికి 1972లో శాస్త్రవేత్తలు అపోప్టోసిస్ అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో అది చెట్టు నుంచి ఆకు రాలడాన్ని చెప్పే మాట. చెట్టు బతకడం కోసం ఆకు రాలుతుంది. ఒళ్లు బతకడం కోసం కణం రాలుతుంది.

ఈ రాలే ఘట్టంలో మన ఊరి పేరు వస్తుంది.

తార్నాక నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ వెళ్లే దారిలో చెట్ల మధ్య సీసీఎంబీ కనిపిస్తుంది. పుష్ప మిత్ర భార్గవ గారి సారథ్యంలో 1977లో రూపుదిద్దుకున్న పరిశోధన సంస్థ అది. అక్కడ ఘనశ్యామ్ స్వరూప్ గారి ప్రయోగశాల ఏళ్ల తరబడి ఒక ప్రశ్న వెంట నడిచింది. కణాన్ని విప్పేసే పనిముట్లలో కాస్పేజులు అనే ఎంజైములు ఉన్నాయి. అవి కత్తెరల్లాంటివి. ఆ కుటుంబంలోని కాస్పేజ్-1 జన్యువును లేపేది ఎవరు? పి53 నేరుగా ఆ జన్యువు ముంగిట కూర్చుని దాన్ని మేల్కొలుపుతుందని ఆ బృందం 2001లో ప్రకటించింది. మరుసటి ఏడాది, కేంద్రకంలో ఉండే ఒక ఫాస్ఫటేజు, అంటే ఫాస్ఫేటు గుర్తును చెరిపే ఎంజైము, పి53ను ఎలా ఉసిగొల్పుతుందో చూపింది. 2005లో పి53 తోబుట్టువు పి73 మీదికి దృష్టి మళ్లించింది. సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు ఇచ్చినప్పుడు ఇదే కాస్పేజ్-1 జన్యువును లేపడంలో పి73కీ పాత్ర ఉందని తేల్చింది. డీఎన్ఏను దెబ్బతీసి క్యాన్సర్ కణాన్ని చంపే మందు సిస్‌ప్లాటిన్. అంటే మందు దెబ్బ వేస్తుంది, ఆ దెబ్బను ఆసరా చేసుకుని కణాన్ని రాల్చేది మాత్రం ఒంట్లోని ఈ ప్రోటీన్లు.

పి53కి ఇలా తోబుట్టువు ఉన్నట్టు 1997లో తెలిసింది. ఈ పి73 కథ ఇంకొంచెం చిక్కుగా ఉంటుంది. ఒకే జన్యువు నుంచి అది రెండు రూపాల్లో పుడుతుంది. నిండు రూపం పి53 లాగే పనిచేస్తుంది, చెడిన కణాన్ని ఆపుతుంది, రాలుస్తుంది. రెండోది ముందు కొస తెగిన రూపం. అది జన్యువుల మీద కూర్చుంటుంది కానీ వాటిని లేపలేదు. పైగా నిండు రూపానికి చోటు లేకుండా చేస్తుంది. కణం బతకాలా, రాలాలా అన్నది ఈ రెండింటి నడుమ తూకం మీద ఆధారపడుతుంది. రెండూ ఒకే కుటుంబం, ముఖాలు దాదాపు ఒకటే. మరి దెబ్బ తగిలిన వేళ ఒకదాన్ని పెంచి, రెండోదాన్ని తగ్గించడం కణానికి ఎలా చేతనవుతుంది?

ఈ ప్రశ్నకు హైదరాబాదు నుంచి ఒక జవాబు వచ్చింది. సీడీఎఫ్‌డీ అనే సంస్థ పేరు మీరు కోర్టు కేసుల వార్తల్లో వినే ఉంటారు. డీఎన్ఏ వేలిముద్రలతో నేరస్థులను, తప్పిపోయినవారిని గుర్తించే సంస్థగా దానికి పేరు. లాల్జీ సింగ్ గారు దానికి పునాది వేసినవారు. తొలి ఏళ్లలో అది నాచారంలో, ఈసీఐఎల్ రోడ్డు మీద పనిచేసింది. తర్వాత నాంపల్లి గృహకల్పకు మారింది. ఇప్పుడు ఉప్పల్‌లో ఇన్నర్ రింగ్ రోడ్డు మీద సొంత ఆవరణలో ఉంది. వేలిముద్రలతో పాటు అక్కడ కణాల చావుబతుకుల మీద లోతైన పరిశోధన సాగుతుంది. ఆ పని చేసే ప్రయోగశాలను నడిపిన శాస్త్రవేత్త మద్దిక సుబ్బారెడ్డి గారు.

వారి బృందం 2014లో ప్రచురించిన పరిశోధనను మన చెరువు భాషలో చెబుతాను. డబ్ల్యూడబ్ల్యూపీ2 అని ఒక ప్రోటీను ఉంది. ఎండీఎం2 లాగే ఇదీ యుబిక్విటిన్ గొలుసు తగిలించే రకం, అంటే ఇంకో తూము. ఇది ఒంటరిగా ఉన్నప్పుడు నిండు పి73కి గొలుసు వేసి పారేయిస్తుంది. డబ్ల్యూడబ్ల్యూపీ1 అనే తోటిదానితో జతకట్టినప్పుడు, ఆ జంట కొస తెగిన పి73ను పారేయిస్తుంది. ఒంటరిగా ఒక పని, జంటగా దానికి ఎదురు పని. ఎప్పుడు ఒంటరిగా ఉండాలో, ఎప్పుడు జంటగా ఉండాలో చూసేది పీపీఎం1జీ అనే ఫాస్ఫటేజు. కణానికి దెబ్బ తగిలి ఒత్తిడి పెరిగినప్పుడు ఒంటరి తూము మూతపడుతుంది, కనుక నిండు పి73 పెరుగుతుంది. జంట తూము మాత్రం తెరిచే ఉంటుంది, కనుక అడ్డుపడే పి73 తగ్గుతుంది. ఒకే వేళ ఒక తూము మూసి, ఇంకోటి తెరిచి ఉంచడం. రెండు చెరువుల నీటి మట్టాలను ఒక్క చేత్తో సరిచూసే నేర్పరి నీరటి పని అది.

సుబ్బారెడ్డి గారికి 2022వ సంవత్సరానికి జీవశాస్త్రంలో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం లభించింది. దేశంలో శాస్త్రవేత్తలకు ఇచ్చే గొప్ప గౌరవాల్లో అది ఒకటి. మనం నాగోలు నుంచి మెట్రో ఎక్కి ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ స్టేషన్లు దాటి వెళ్తుంటాం. ఆ దారికి అటూ ఇటూ ఉన్న ప్రయోగశాలల్లో, మన కణాల తూములు తెరిచి మూసే విద్య మీద ఇలాంటి పని జరిగిందని మన పిల్లలకు చెప్పాలి. క్రికెట్ స్టేడియం చూపించి చెప్పినంత ఉత్సాహంగా చెప్పాలి.

ఇక అలుగు సంగతి.

తూము మూసి అలాగే ఉంచితే ఏమవుతుంది? నీరు కట్ట దాకా వస్తుంది, కట్ట తెగుతుంది. పి53 విషయంలో కట్ట తెగడం ఎలా ఉంటుందో 1995లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో చూశారు. ఎండీఎం2 జన్యువు తీసేసిన ఎలుక పిండాలు తల్లి కడుపులోనే, మొదటి రోజుల్లోనే చనిపోయాయి. అదే పిండాల్లో పి53 జన్యువును కూడా తీసేస్తే బతికి పుట్టాయి. అంటే వాటిని చంపింది అదుపు తప్పిన పి53. కాపాడేదానికి కాపలా లేకపోతే అదే కడతేరుస్తుంది.

అందుకే కణం ఒక అలుగు కట్టుకుంది. పి53 మేల్కొలిపే జన్యువుల్లో ఎండీఎం2 జన్యువు కూడా ఒకటి. నీరు పెరిగేకొద్దీ, తనను తగ్గించేదాన్ని తానే తయారు చేయిస్తుంది. ఒకే ఎండీఎం2 ఇక్కడ తూమూ అవుతుంది, అలుగూ అవుతుంది. ఇంతలో విప్1 అనే ఫాస్ఫటేజు వచ్చి ఏటీఎం పెట్టిన గుర్తులను చెరిపేస్తుంది. దాన్ని పిలిపించేదీ పి53యే. మట్టం దిగుతుంది. డీఎన్ఏ ఇంకా తెగే ఉంటే నీరటి మళ్లీ తూము మూస్తాడు. మట్టం మళ్లీ లేస్తుంది.

ఈ లేవడం, దిగడం కళ్లారా చూసినవాళ్లున్నారు. 2004లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో గాలిత్ లహవ్, యూరి అలోన్, వారి సహచరులు పి53కి, ఎండీఎం2కి మెరిసే రంగులు తగిలించి, బతికి ఉన్న ఒక్కొక్క కణాన్ని గంటల తరబడి చూశారు. రేడియేషన్ దెబ్బ తిన్న కణంలో పి53 అలలుగా లేచింది. అలకూ అలకూ మధ్య కొన్ని గంటలు. పెద్ద దెబ్బ తగిలితే అల ఎత్తు పెరగలేదు. అలల లెక్క పెరిగింది. నీరటి కొన్ని గంటలకోసారి గట్టు మీదికి వచ్చి, పని అయిందా లేదా అని చూసి వెళ్లినట్టుంటుంది ఆ తీరు. అలలను దిగనివ్వకుండా మట్టాన్ని అలాగే పైన నిలబెడితే, చాలా కణాలు ఇక ఎన్నటికీ విభజన చెందని ముసలి దశకు వెళ్లిపోయాయని 2012లో లహవ్ బృందమే చూపించింది. ఎంత నీరు ఉన్నదన్నది ఒక లెక్క. అది ఏ లయలో లేచి దిగిందన్నది ఇంకో లెక్క. కణం ఆ లయను కూడా చదువుకుంటుంది.

ఈ అదుపు విలువ చూపిస్తూ 2002లో రెండు రకాల ఎలుకల గురించి రెండు పరిశోధనలు వచ్చాయి. ఒక రకం ఎలుకల్లో పి53 ఎప్పుడూ అతిగా పనిచేసేలా మార్పు ఉంది. వాటికి క్యాన్సర్లు తక్కువగా వచ్చాయి, కానీ ముందే ముసలివైపోయాయి. ఎముకలు పలచబడ్డాయి, ఆయుష్షు తగ్గింది. రెండో రకం ఎలుకలకు పి53 జన్యువు అదనంగా ఇచ్చారు, దాని అదుపు మాత్రం సహజంగా ఉండనిచ్చారు. వాటికి క్యాన్సర్లు తగ్గాయి, ముసలితనం ముందుగా రాలేదు. ఏనుగును చూడండి. మనకు ఈ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఆఫ్రికా ఏనుగు కణంలో దీని ప్రతులు దాదాపు 40 ఉన్నాయని 2015లో ప్రకటించారు. అంత పెద్ద ఒళ్లు, అన్ని కణాలు, అన్నేళ్ల బతుకు ఉన్నా దానికి క్యాన్సర్ అరుదు. పెద్ద చెరువున్న ఊరికి మేలే, దాని తూమూ అలుగూ చక్కగా ఉన్నంత కాలం. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచిన మాట ఇదే. మనల్ని కాచేది పి53 ఒక్కటే కాదు. దాన్ని లేపి, దించి, మళ్లీ లేపే అదుపు కూడా మనల్ని కాస్తోంది.

ఈ అదుపు ఎన్ని దారుల్లో చెడుతుందో చూస్తే, క్యాన్సర్ ఎన్ని ముఖాల జబ్బో తెలుస్తుంది. కొన్ని కణితుల్లో ఎండీఎం2 జన్యువు ప్రతులు పెరిగిపోతాయి. తూము మరీ వెడల్పైతే మంచి పి53 ఉన్నా నిలవదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్ ఇంకో ఎత్తు వేస్తుంది. తనతో తెచ్చుకున్న ఈ6 అనే ప్రోటీనుతో, కణంలోని మరో గొలుసు తగిలించే ఎంజైమును పి53 మీదికి తోలుతుంది. అంటే గట్టుకు దొంగ గండి కొడుతుంది. మన దేశంలో ఆడవాళ్లను బలిగొనే క్యాన్సర్లలో ముందు వరుసలో ఉన్న ఈ జబ్బుకు టీకా ఉంది. ఆడపిల్లలున్న తల్లిదండ్రులు డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది పి53 జన్యువులోనే అక్షరం మారడం. అలా మారిన పి53 డీఎన్ఏ మీద సరిగా కూర్చోలేదు. ఎండీఎం2ను పిలవలేదు కనుక తనను తగ్గించేవారు లేక గుట్టపడుతుంది. తొలినాళ్లలో శాస్త్రవేత్తలను పొరబాటులో పడేసిన గుట్ట ఇదే. చెరువు నిండా నీరు, చేనుకు మాత్రం చుక్క అందదు. కొన్నిసార్లు అంతకన్నా కీడు జరుగుతుంది. మారిన పి53 కొత్త చెడ్డ పనులు నేర్చుకుంటుంది. సీడీఎఫ్‌డీలోనే మురళీధరన్ బాష్యం గారి ప్రయోగశాల 2020లో ప్రచురించిన పరిశోధనలో, తరచుగా కనిపించని కొన్ని పి53 మార్పులు ఎస్‌ఎంఏఆర్‌సీడీ1 అనే జన్యువును లేపుతున్నాయని చూపింది. అందరూ చూసే నాలుగైదు మార్పులతో ఆగకుండా, మన రోగుల్లో కనిపించే అరుదైన మార్పులను కూడా ఒక్కొక్కటిగా పట్టి చూడాలని ఇలాంటి పని చెబుతోంది.

అక్షరాన్ని మార్చే చేతుల్లో రెండింటిని మనం బాగా ఎరుగుదుం. ఒకటి బూజు పట్టిన పల్లీలు. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయంలో చేరి డీఎన్ఏను అంటుకుంటుంది. ఆ విషం ఎక్కువగా తినే ప్రాంతాల కాలేయ క్యాన్సర్లలో, పి53 జన్యువులో సరిగ్గా 249వ స్థానం దగ్గరే అక్షరం మారి ఉందని 1991లో చైనా, దక్షిణాఫ్రికా రోగుల మీద పరిశోధనలు చూపాయి. దొంగ వదిలిన వేలిముద్రలా ఉంది అది. వేరుశనగ పండించే అనంతపురం, పాలమూరు రైతులకు, వాటిని కొనుక్కుని తినే మనకు ఇది గుర్తుండాలి. కాయను బాగా ఎండబెట్టాలి, తడి తగలని చోట దాచాలి, రంగు మారి చేదెక్కిన గింజను పారేయాలి. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఈ విషాన్ని తగ్గించడానికి ఏళ్లుగా పాటుపడుతున్నారు.

రెండోది పొగాకు. పొగలోని బెంజోపైరీన్ అనే రసాయనం పి53 జన్యువులో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో మారి కనిపించే చోట్లనే అంటుకుంటుందని 1996లో తేలింది. మన శ్రీకాకుళం, విశాఖ తీరపు పల్లెల్లో చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు ఆడవాళ్లలో తరతరాలుగా ఉంది. ఆ అలవాటున్నవాళ్లకు అంగిలి క్యాన్సర్ వస్తుందని మన డాక్టర్లు ఎన్నో ఏళ్ల నుంచి చెబుతున్నారు. బీడీ, చుట్ట, గుట్కా, ఏ రూపంలో తీసుకున్నా పొగాకు నీరటికి ఊపిరాడనివ్వదు. రోజూ దెబ్బ మీద దెబ్బ పడుతుంటే, ఏదో ఒక దెబ్బ ఏదో ఒక రోజు ఆ చెరువు కట్టకే తగులుతుంది.

మరి తూమును మందుతో మూయలేమా? పి53 చెడని కణితుల్లో ఎండీఎం2 పట్టును విడిపించే నట్లిన్ అనే రసాయనాలను 2004లో తయారు చేశారు. ఆ దారిలో వచ్చిన మందులను రోగుల మీద పరీక్షిస్తున్నారు. చిక్కు ఎక్కడంటే, మందు కణితి తూమును, ఆరోగ్యంగా ఉన్న కణం తూమును వేరుగా చూడదు. అన్ని చోట్లా మట్టం పెరుగుతుంది. ముఖ్యంగా రక్తకణాలు పుట్టే ఎముక మజ్జ దెబ్బతిని ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. ఎంత మోతాదు, ఎన్ని రోజులు, మధ్య ఎంత విరామం అన్నది తేల్చుకోవడమే ఇప్పుడు పెద్ద పని. తూము మూయడం మనం నేర్చాం. ఎప్పుడు తెరవాలో నీరటి దగ్గర ఇంకా నేర్చుకుంటున్నాం.

శ్రోతలారా, ప్రసంగం ముగించే ముందు ఒక్క మాట. నేను మీకు నమస్కారం చెప్పినప్పుడు మీ కణాల్లో ఎంత పి53 ఉందో, అందులో సగానికి సగం ఈపాటికే ముక్కలైపోయింది. దాని చోటికి అంతే కొత్తది వచ్చి చేరింది. ఈ కాసేపట్లో మీ ఒంట్లో ఎన్నో కణాల్లో దారం తెగింది. తూము మూతపడింది. నీరు లేచింది. ఎక్కడో అతుకు కుదిరి నీరు దిగింది, ఎక్కడో ఒక కణం ఆకులా రాలిపోయింది. మీకు ఏమీ తెలియలేదు. నీరటి మేల్కొని ఉన్న ఊరు నిశ్చింతగా నిద్రపోతుంది.

సెలవు.